నేలలో పదును, వాగులో వరద: శాటిలైట్ డేటాతో లెక్కలు కట్టేవారి ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు చెరువులు, వాగుల మీద పనిచేసే ఇంజనీర్లు, పరిశోధక విద్యార్థులు, వాటర్‌షెడ్ సిబ్బంది ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. రన్‌ఆఫ్ అన్నచోట ఇంకకుండా పారిపోయే వాన నీరు అని అర్థం చేసుకోండి.

వాన ఎంత పడిందో తెలుసు. నేల తేమ కూడా ఎందుకు?

అదే వాన ఎండిన నేల మీద పడితే ఒక రకం, తడిసిన నేల మీద పడితే ఇంకో రకం. కర్వ్ నంబర్ పద్ధతిలో ఒక ఉదాహరణ చూడండి. కర్వ్ నంబర్ అంటే నేల మీద వాన నీరు ఎంత పారుతుందో చెప్పే అంకె, 100కు దగ్గరయ్యే కొద్దీ ఎక్కువ పారుతుంది. మామూలు పదునులో కర్వ్ నంబర్ 80 ఉన్న నేల తీసుకుందాం. ఎండినప్పుడు అది 63.7కు దిగుతుంది, బాగా తడిసినప్పుడు 90.4కు ఎక్కుతుంది.

60 మి.మీ. వాన పడితే ఎండిన నేల మీద పారేది 5.5 మి.మీ., తడిసిన నేల మీద 36.5 మి.మీ. అంటే ఆరున్నర రెట్లు. 100 మి.మీ. వానకు 23, 74. పది చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్న ఊరి చెరువుకు ఈ 100 మి.మీ. వాన ఎండు నేల మీద సుమారు 8 ఎంసీఎఫ్‌టీ (ఒక ఎంసీఎఫ్‌టీ అంటే పది లక్షల ఘనపు అడుగులు) తెస్తుంది, తడి నేల మీద 26 తెస్తుంది. మొదటి లెక్కకు చెరువు సగం కూడా నిండకపోవచ్చు, రెండో లెక్కకు మత్తడి (నిండిన చెరువు నీరు పొర్లిపోయే కట్టడం) దూకవచ్చు.

మరీ పెద్ద వానకు మాత్రం ఈ తేడా చిక్కిపోతుంది. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. నమోదైంది. అంత వానను అదే లెక్కలో వేస్తే ఎండు నేల మీద 504, తడి నేల మీద 619 మి.మీ. వస్తుంది. తేడా 23 శాతమే. అలాంటి రోజు మోడల్ (వాన నుంచి రన్‌ఆఫ్ అంచనా కట్టే కంప్యూటర్ లెక్క) తప్పిందంటే ముందు వాన కొలతను అనుమానించాలి, నేల తేమను కాదు. శాటిలైట్ తేమ అక్కరకొచ్చేది 40 నుంచి 150 మి.మీ. మధ్య వానలకు. మన చెరువులు నిండేది, నిండకపోయేది ఎక్కువగా ఆ వానలతోనే.

ఐదు రోజుల వాన చూసి తడి, పొడి నిర్ణయించే పద్ధతి ఉంది కదా?

ఉంది. పంట కాలంలో గత ఐదు రోజుల్లో 36 మి.మీ. లోపు పడితే పొడి, 36 నుంచి 53 వరకు మధ్యస్థం, 53 దాటితే తడి. అందులో రెండు లోపాలున్నాయి. 52 మి.మీ. పడితే మధ్యస్థం, 54 పడితే తడి. రెండు మిల్లీమీటర్ల తేడాకు, తర్వాత వచ్చే 100 మి.మీ. వాన మీద రన్‌ఆఫ్ 50 నుంచి 74కు ఎగిరిపడుతుంది. నేల అలా మెట్లెక్కదు. రెండోది, ఆ వాన మొదటి రోజు పడిందా, నిన్న సాయంత్రం పడిందా అన్నది ఈ పద్ధతికి పట్టదు. నాలుగు రోజులు ఎండ కాసిన చెలక, నిన్న తడిసిన చెలక ఒకటి కావు. శాటిలైట్ తేమ ఈ రెండు లోపాలనూ తగ్గిస్తుంది.

శాటిలైట్ అసలు ఏం కొలుస్తుంది? ఎంత లోతు?

విద్యుత్ క్షేత్రానికి ఒక పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే డైఎలక్ట్రిక్ స్థిరాంకం నీటికి సుమారు 80, పొడి మట్టికి 4 చుట్టుపక్కల. మట్టిలో నీళ్లు పెరిగే కొద్దీ నేల నుంచి సహజంగా వెలువడే మైక్రోవేవ్ తరంగాలు తగ్గుతాయి. నాసా 2015 జనవరి 31న పంపిన స్మాప్ ఉపగ్రహం ఆ తగ్గుదలను 1.41 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే 21 సెం.మీ. తరంగదైర్ఘ్యంలో పట్టుకుంటుంది. మబ్బులు అడ్డు రావు. జులై, ఆగస్టు నెలల్లో మన ఆకాశానికి ఇది చాలా అవసరం.

కొలిచేది పై 5 సెం.మీ. మాత్రమే. రైతు మట్టి పిడికిట్లోకి తీసుకుని పదును చూసేది అంతకంటే లోతు నుంచే.

ఏ డేటాతో మొదలుపెట్టాలి?

స్మాప్ ఎల్3 ఎన్‌హాన్స్‌డ్ ఉత్పత్తితో (ఎల్3 అంటే రోజువారీ కొలతలను గడుల్లోకి సర్దిన డేటా). 9 కి.మీ. గడి, రెండు మూడు రోజులకో కొలత, ఉచితం. నాసా ఎర్త్‌డేటాలో ఖాతా తెరిస్తే చాలు, గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో కూడా దొరుకుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: గడి 9 కి.మీ. అయినా పరికరం చూపు దాదాపు 36 కి.మీ. పక్కపక్క గడులు ఒకదానినొకటి పోలి ఉంటే ఆశ్చర్యం లేదు. స్మాప్‌లోని రాడార్ 2015 జులైలోనే ఆగిపోయింది, ఇప్పుడు పనిచేస్తున్నది నేల తరంగాలను పట్టే రేడియోమీటర్ ఒక్కటే.

స్మాప్ ఎల్4 మూడు గంటలకోసారి, ఖాళీలు లేకుండా, ఒక మీటరు లోతు దాకా తేమ ఇస్తుంది. చూడటానికి హాయిగా ఉంటుంది. కానీ అది సగం మోడల్. దాన్ని తెచ్చి మీ మోడల్‌ను సరిదిద్దడమంటే ఒక మోడల్‌తో ఇంకో మోడల్‌ను దిద్దడమే. పోల్చుకోవడానికి ఉంచుకోండి, అసిమిలేషన్‌కు (నడుస్తున్న మోడల్‌ను కొలతలతో దిద్దడానికి) ఎల్3 వాడండి.

అస్కాట్ (యూరప్ ఉపగ్రహాల మీది రాడార్) డేటా శాతంలో ఉంటుంది: 0 అంటే ఎన్నడూ లేనంత పొడి, 100 అంటే ఎన్నడూ లేనంత తడి. దాన్ని నేరుగా ఘనపరిమాణ తేమగా (మట్టి ఘనపరిమాణంలో నీటి వాటాగా) తీసుకోవడం కొత్తవాళ్లు తరచుగా చేసే తప్పు. ముప్పై ఏళ్ల ధోరణి కావాలంటే యూరప్ అంతరిక్ష సంస్థ సీసీఐ ఉత్పత్తి (పలు ఉపగ్రహాల తేమ కలిపినది) ఉంది, కానీ దాని గడి పావు డిగ్రీ, అంటే 25 కి.మీ. పైనే. ఒక వాగుకు అది పనికిరాదు.

మా గడిలో చెరువులు, వరి మళ్లు ఉన్నాయి. కొలత నమ్మవచ్చా?

ఉత్తర తెలంగాణలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, బయటి దేశాల పాఠ్యాల్లో జవాబు దొరకనిదీ ఇదే. 9 కి.మీ. గడి అంటే 81 చదరపు కిలోమీటర్లు. అందులో రెండు చెరువులు, పది కుంటలు, నాట్లు వేసిన వెయ్యి ఎకరాల మళ్లు ఉంటే శాటిలైట్ ఆ నిలిచిన నీటిని కూడా తడి మట్టి కిందే జమ కడుతుంది. ఫలితం ఇలా ఉంటుంది: జులైలో వాన లేకపోయినా నాట్లు పడగానే తేమ ఎక్కుతుంది. యాసంగిలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో బోర్ల కింద, కాలువల కింద మళ్లు తడపగానే మళ్లీ ఎక్కుతుంది. మోడల్‌కు ఆ నీళ్లు ఎక్కడివో తెలియదు. వాన పడిందేమో అనుకుని రన్‌ఆఫ్ పెంచుతుంది.

చేయాల్సింది ఇది. ముందు సెంటినెల్-1 (యూరప్ రాడార్ ఉపగ్రహం) చిత్రాలతో నెలనెలా నిలిచిన నీటి విస్తీర్ణం గీయండి. వీవీ ధ్రువణంలో (తరంగాన్ని నిలువుగా పంపి నిలువుగానే అందుకున్న చిత్రంలో) నీరు నల్లగా, చాలా చోట్ల మైనస్ 16 నుంచి మైనస్ 18 డెసిబెల్ కంటే తక్కువగా పడుతుంది. మీ ప్రాంతపు హిస్టోగ్రామ్ చూసి హద్దు ఖాయం చేసుకోండి. గాలి బాగా వీచిన రోజు చెరువు మీద అలలు లేచి నీరు కూడా తెల్లగా కనిపిస్తుంది, ఆ రోజు చిత్రం పక్కన పెట్టండి. గడిలో నీటి వాటా 5 శాతం దాటిన రోజులను మోడల్‌లోకి పంపకండి, లేదా ఆ రోజుల కొలతకు దోషం రెట్టింపు చేసి పంపండి. పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు పడిన గడులను ఏడాది పొడవునా వదిలేయడమే మంచిది. ఏటూరునాగారం, తాడ్వాయి అడవి గడులదీ అదే దారి. చెట్ల ఆకుల్లోని నీరు చదరపు మీటరుకు 5 కిలోలు దాటితే స్మాప్ లెక్కకు భరోసా లేదు.

డేటా దించుకున్నాక ఏ వరుసలో పనిచేయాలి?

మొదట కొలత లేదని చెప్పే మైనస్ 9999 విలువలన్నీ తీసేయండి. వాటిని సగటులో కలిపేసి, తేమ మైనస్‌లో వచ్చిందేమిటని తల పట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. తర్వాత కొలత నాణ్యత చెప్పే క్వాలిటీ ఫ్లాగ్‌లో మొదటి బిట్ సున్నా ఉన్నవే ఉంచండి. ఉదయం ఆరు గంటల కొలత, సాయంత్రం ఆరు గంటల కొలత విడివిడిగా పెట్టుకుని ఉదయానిదే వాడండి. తెల్లవారుజామున మట్టి, ఆకు, గాలి వేడి దాదాపు ఒకటే అవుతుంది, అందుకే ఆ లెక్క నికరంగా ఉంటుంది.

ఆ పైన బయాస్ (శాటిలైట్‌కూ మోడల్‌కూ మధ్య ఎప్పుడూ ఉండే తేడా) సరిచేయడం. శాటిలైట్ సగటు 0.28, మీ మోడల్ సగటు 0.22 కావచ్చు. రెండింటిలో ఏదీ తప్పు కానక్కర లేదు. కొలతలోంచి శాటిలైట్ సగటు తీసేసి, మోడల్ ప్రామాణిక విచలనంతో గుణించి, శాటిలైట్ ప్రామాణిక విచలనంతో భాగించి, మోడల్ సగటు కలపండి. కనీసం మూడు నాలుగేళ్ల వానాకాలాలు ఉండాలి. వానాకాలం, యాసంగి కలిపి ఒకే సర్దుబాటు చేస్తే యాసంగి తడుపుల వల్ల లెక్క వంకర పోతుంది, అందుకే విడివిడిగా చేయండి. శాటిలైట్ అంకెను అంకెగా నమ్మకండి, అది ఎక్కిందా దిగిందా, ఎంత త్వరగా దిగింది అన్నదే నమ్మండి.

పై 5 సెం.మీ. నుంచి లోపలి తేమ ఎలా?

ఎక్స్‌పొనెన్షియల్ ఫిల్టర్ చాలు. పాత కొలతల ప్రభావాన్ని క్రమంగా తగ్గిస్తూ, పై తేమ నుంచి లోపలి తేమ సూచిక కట్టే లెక్క ఇది. కొత్త సూచిక = పాత సూచిక + గెయిన్ × (కొత్త కొలత − పాత సూచిక). గెయిన్ అంటే కొత్త కొలతకు ఇచ్చే బరువు, మొదట 1. తర్వాత ప్రతిసారీ, పాత గెయిన్‌ను (పాత గెయిన్ + ఇ ఘాతం [మైనస్ రోజుల తేడా ÷ కాలస్థిరాంకం]) తో భాగిస్తే కొత్త గెయిన్ వస్తుంది.

కాలస్థిరాంకం (పై తేమ మార్పు లోపలికి ఎంత నెమ్మదిగా చేరుతుందో చెప్పేది) 10 రోజులు అనుకుందాం. మొదటి కొలత, పొడి, తడి హద్దుల మధ్య శాతంగా మార్చాక, 30 శాతం. మూడు రోజుల తర్వాత కొలత 60 వచ్చింది. గెయిన్ 0.574, సూచిక 47. ఇంకో రెండు రోజులకు 50 వచ్చింది. గెయిన్ 0.412, సూచిక 48. పైపొర అరవైకి ఎగిరి యాభైకి దిగినా లోపలిది నెమ్మదిగా కదిలింది, నేల చేసేది కూడా అదే. దుబ్బ, చెలక నేలలకు 5 నుంచి 10 రోజులు, రేగడికి 15 నుంచి 20 రోజులతో మొదలుపెట్టి, సెన్సర్ కొలతలతో సరిదిద్దుకోండి. మధ్యలో పన్నెండు పదిహేను రోజులు కొలత లేకపోతే ఫిల్టర్ మళ్లీ మొదటి నుంచి నడపాలి.

దాన్ని రన్‌ఆఫ్ లెక్కలోకి ఎలా ఎక్కించాలి?

తేలిక దారి: ఎండు స్థితి నిల్వ (నేల పట్టుకోగల నీరు), తడి స్థితి నిల్వ మధ్య సూచికను బట్టి జరగడం. నిల్వ = 25400 ÷ కర్వ్ నంబర్ − 254. మన ఉదాహరణలో ఎండు నిల్వ 144.7 మి.మీ., తడి నిల్వ 27 మి.మీ. సూచిక 60 శాతం ఉంటే నిల్వ 144.7 − 0.6 × 117.7, అంటే 74.1 మి.మీ. కర్వ్ నంబర్ 77.4. దీనికి 60 మి.మీ. వాన వేస్తే సుమారు 17 మి.మీ. పారుతుంది. ఇక్కడి లెక్కలన్నీ తొలి నష్టం (పారడం మొదలయ్యే ముందు పోయే వాన) నిల్వలో 0.2 వంతు అనుకుని వేసినవి. మన దేశంలో నల్లరేగడికి 0.1, మిగతా నేలలకు 0.3 వాడే పద్ధతీ ఉంది. ఏది వాడినా మొదటి నుంచి చివరి దాకా అదే వాడండి.

హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్ అనే రన్‌ఆఫ్ లెక్కల సాఫ్ట్‌వేర్ నడిపేవారు డెఫిసిట్ అండ్ కాన్‌స్టంట్ పద్ధతి ఎంచుకుని, తొలి లోటును ఈ సూచికతో నింపితే సరిపోతుంది. అసిమిలేషన్ దాకా వెళ్లాలనుకుంటే ఎన్సెంబుల్ కాల్మన్ ఫిల్టర్ (ఒకే మోడల్‌ను కొద్ది తేడాలతో పలుసార్లు నడిపి కొలతతో దిద్దే పద్ధతి, ఒక్కో నడక ఒక సభ్యుడు), 30 నుంచి 50 సభ్యులు, కొలత దోషం 0.04 దగ్గర మొదలు. సభ్యుల మధ్య తేడా తేవడానికి వానను గుణకంతో మార్చండి. వాన లేని రోజుల్లో సభ్యులన్నీ ఒకచోట చేరిపోతే ఫిల్టర్ శాటిలైట్ మాట వినడం మానేస్తుంది. అప్పుడు నేల తేమకే కొద్దిగా నాయిస్ కలపాలి. మొదటిసారి చేసేవారికి మా సలహా: కాల్మన్ జోలికి పోకముందు తేలిక దారిలో ఒక వానాకాలం లెక్క తేల్చండి.

నల్లరేగడిలో మోడల్ జూన్‌లో ఎప్పుడూ ఎక్కువ వరద చూపిస్తోంది. ఎందుకు?

పగుళ్ల వల్ల. మే నెల రేగడిలో చెయ్యి దూరేంత నెర్రెలుంటాయి. మృగశిర, ఆరుద్ర కార్తెల వాన పడగానే పైపొర తడుస్తుంది. శాటిలైట్ తడిసింది అంటుంది, మోడల్ వరద అంటుంది, వాగులో మాత్రం ఇసుక కూడా తడవదు. నీళ్లన్నీ నెర్రెల్లోకి దిగిపోతాయి. నేల ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక అదే రేగడి దాదాపు ఇంకనివ్వదు. కాబట్టి సీజన్ మొదట్లో నెర్రెల నిల్వ అని వేరే పద్దు పెట్టండి. అది నిండాకే సూచికను వాడండి. నెర్రెలు మూసుకున్నాయా లేదా అన్నది పొలంలోకి దిగి చూడాల్సిందే.

ఎర్ర చెలకది వేరే ఇబ్బంది. గట్టి చినుకులకు పైపొర బిళ్ల కడుతుంది, కింద నేల ఎండే ఉన్నా నీళ్లు పైనుంచే పారిపోతాయి. అక్కడ కావలసింది తేమ కాదు, వాన తీవ్రత. రోజు మొత్తం సరిపోదు, అరగంట వాన కావాలి. నాసా వాన డేటా ఐమెర్జ్ 0.1 డిగ్రీ గడిలో ఆ అరగంట లెక్క ఇస్తుంది. దగ్గర్లోని ఆటోమేటిక్ వర్షమాపకంతో దాన్ని సరిచూడండి.

సెంటినెల్-1 తో పొలం పొలానికీ తేమ తీయవచ్చా?

నేల ఖాళీగా ఉన్నప్పుడు కొంతవరకు. ఒకే ఆర్బిట్ చిత్రాలు తీసుకుని, నాయిస్ తొలగింపు, క్యాలిబ్రేషన్, స్పెకిల్ ఫిల్టర్ (చుక్కల మచ్చలు తగ్గించడం), టెరైన్ కరెక్షన్ (ఎత్తుపల్లాల వంకర సరిచేయడం) చేశాక, ప్రతి చోటా ఏళ్ల తరబడి వచ్చిన అతి తక్కువ, అతి ఎక్కువ విలువల మధ్య ఈ రోజు విలువ ఎక్కడుందో చూడాలి. వేర్వేరు ఆర్బిట్లు కలిపితే చూసే కోణం మారి తేమ మారినట్టు కనిపిస్తుంది.

మోసపుచ్చేది దుక్కి. ఎండిన చేను దున్నగానే గరుకుదనం పెరిగి రాడార్ ప్రతిఫలం ఎక్కువవుతుంది, తడిసినట్టే పడుతుంది. చుట్టూ చేలు మారకుండా ఒక్క కమతం మాత్రమే, గట్ల వెంట గీత గీసినట్టు తెల్లబడితే అది వాన కాదు, నాగలి. పత్తి కమ్ముకున్నాక సెంటినెల్-1 వాడే ఈ పొట్టి సి-బ్యాండ్ తరంగం ఆకుల్లోనే ఆగిపోతుంది, ఆగస్టు చివర నుంచి ఆ చేల విలువలు వాడకండి. మధ్యలో ఒక ఉపగ్రహం లేని కాలం కూడా గుర్తుండాలి: సెంటినెల్ 1-బి 2021 డిసెంబర్‌లో చెడిపోయింది, 1-సి 2024 డిసెంబర్‌లో పైకెళ్లింది. ఆ మధ్య చిత్రాలు పల్చగా ఉంటాయి.

నేల తడిసే ఉంది, వాన పడింది, అయినా కింది వాగుకు నీళ్లు రాలేదు. లెక్క ఎక్కడ తప్పింది?

గొలుసుకట్టులో. పై చెరువు నిండి మత్తడి దూకితేనే కింది చెరువుకు నీళ్లు. కాకతీయుల నాటి నుంచి ఈ నేలకు ఇదే అమరిక. నేలలో ఎంత ఖాళీ ఉందో లెక్క కట్టి, చెరువుల్లో ఎంత ఖాళీ ఉందో వదిలేస్తే సగం పనే అయినట్టు. ప్రతి చెరువునూ మోడల్‌లో రిజర్వాయర్‌గా పెట్టాల్సిన పని లేదు. చిన్న కుంటలన్నీ కలిపి ఉప పరీవాహకానికో నిల్వ పెట్టండి, పెద్దవాటిని విడిగా పెట్టండి. సెంటినెల్-1 నీటి విస్తీర్ణాన్ని, చెరువు కెపాసిటీ పట్టికతో కలిపి చూస్తే ఈ వారం ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. పూడిక తీసిన చెరువులకు పాత పట్టిక చెల్లదు.

వాగు మీద గేజ్ లేదు. ఫలితం సరిచూసేదెలా?

మత్తడినే గేజ్ చేసుకోండి. వెడల్పు మత్తడి మీద ప్రవాహం సుమారు 1.7 × పొడవు × ఎత్తు ఘాతం 1.5. 30 మీటర్ల మత్తడి మీద 30 సెం.మీ. నీరు దూకితే సెకనుకు 8.4 ఘనపు మీటర్లు, దాదాపు 300 క్యూసెక్కులు. ఎత్తును మత్తడి అంచు మీద కొలవకండి, అక్కడ నీటి మట్టం వంగి తగ్గి ఉంటుంది. రెండు మూడు మీటర్లు చెరువు లోపలికి స్కేలు పాతి చదవాలి. 30 బదులు 40 అని చదివితే ప్రవాహం 12.9కి పోతుంది, యాభై శాతం మించిన తప్పు. మత్తడి మీద ఇసుక బస్తాలు వేశారేమో నీరటిని (చెరువు నీళ్లు చూసుకునే ఊరి మనిషిని) అడగండి. ఎత్తు పెంచిన సంగతి ఏ పట్టికలోనూ ఉండదు, ఆయనకే తెలుసు.

మున్నేరు లాంటి పెద్ద ప్రవాహాలకు కేంద్ర జల సంఘం స్టేషన్ల కొలతలున్నాయి. అవి చాలా దిగువన ఉంటాయి, పాకాల దగ్గరి చిన్న ఒర్రెకు వాటితో తీర్పు చెప్పలేం.

నేల నమూనా ఎలా తీయాలి?

100 ఘనపు సెం.మీ. కోర్, 5 సెం.మీ. ఎత్తు, తెల్లవారి ఆరు ఏడు గంటల మధ్య. తీసిన వెంటనే మూత పెట్టి తూకం వేయాలి, 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచాలి. తడి బరువు 172 గ్రాములు, పొడి బరువు 150 గ్రాములు వస్తే నీరు 22 గ్రాములు, తేమ 0.22. డబ్బా బరువు రెండుసార్లూ తీసేయడం మరవకండి. ఒక గడికి ఒక పొలం చాలదు. చెలక, రేగడి, వరి, పత్తి అన్నీ కలిసేలా ఆరెనిమిది చోట్లు తీసి, విస్తీర్ణం వాటాను బట్టి సగటు కట్టాలి. సెన్సర్ పెడితే 5 సెం.మీ. లోతులో అడ్డంగా పెట్టండి. రేగడిలో సెన్సర్ పక్కన నెర్రె విచ్చితే గాలి చేరి తేమ ఉన్నట్టుండి పడిపోతుంది, అది కరువు కాదు.

తేదీలు ఒక రోజు అటూ ఇటూ అవుతున్నాయి. ఎందుకు?

ఐఎండీ (భారత వాతావరణ శాఖ) వాన ఉదయం 8:30తో ముగిసే 24 గంటలది. ఐమెర్జ్ రోజు మన టైంలో ఉదయం 5:30కు మొదలవుతుంది. స్మాప్ ఉదయం ఆరు ప్రాంతంలో పైనుంచి పోతుంది. జులై 27 అని రాసి ఉన్న ఐఎండీ వాన లెక్కలోని 24 గంటల్లో ఎక్కువ గంటలు 26వే. దీన్ని సరిచేయకపోతే వాన పడకముందే నేల తడిసినట్టు గ్రాఫ్‌లో కనిపిస్తుంది. అన్నిటినీ గంటల లెక్కలోకి మార్చి ఒకే గడియారానికి తెచ్చాకే మోడల్ ముట్టుకోండి.

వరద హెచ్చరికకు ఈ డేటా పనికొస్తుందా?

కొంతవరకే. స్మాప్ ఎల్3 చేతికొచ్చేసరికి రెండు రోజులవుతుంది. మోరంచ వాగు లాంటిది పొంగడానికి కొన్ని గంటలు చాలు. కాబట్టి శాటిలైట్‌తో నిన్నటి దాకా నేల స్థితిని సరిదిద్ది, అక్కడి నుంచి వర్షమాపకాల వానతో మోడల్‌ను ముందుకు నడపాలి. ఈ పరీవాహకం ఈ రోజు 60 మి.మీ. వానకు పారుతుందా, 120 పడితే గానీ పారదా అని ప్రతి ఉదయం ఒక పట్టిక వేసి ఉంచితే, వాన మొదలయ్యాక మోడల్ నడిపే తీరిక లేకపోయినా మండలంలో ఉన్నవారికి అది చేతిలో ఉంటుంది.

నైసార్ వచ్చాక ఇదంతా మారుతుందా?

ఇస్రో, నాసా కలిసి చేసిన ఈ ఉపగ్రహాన్ని 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పంపారు. దానిలో ఎల్-బ్యాండ్, ఎస్-బ్యాండ్ రాడార్లు రెండూ ఉన్నాయి, 12 రోజుల ఆవృతి. పొడవు తరంగమైన ఎల్-బ్యాండ్ పత్తి ఆకుల్లోంచి సి-బ్యాండ్ కంటే బాగా లోపలికి పోతుంది, గడి చిన్నది కాబట్టి చెరువును, చేనును విడదీయవచ్చు. అయితే 12 రోజుల మధ్యలో మన వానాకాలంలో రెండు మూడు వానలు వచ్చి పోతాయి. ఎక్కడెక్కడ తడి ఉందో నైసార్‌తో, ఎప్పుడెప్పుడు ఎక్కిందో దిగిందో స్మాప్‌తో చూడాలి. ఇప్పటి నుంచే మీ పరీవాహకంలో నాలుగైదు చోట్ల 5 సెం.మీ. లోతు కొలతలు రాసి పెట్టుకోండి. కొత్త డేటాను సరిచూడటానికి గత వానాకాలపు కొలతలు మళ్లీ తీయలేం.